కత్తి పెట్టనియ్యని చాక్లెట్ బతుకమ్మ

మా అత్తమ్మ పోయిందని నల్లగొండ దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు, నేను హాలియాలో మా వంటింట్లో నిలబడి ఆమెనే తిట్టుకుంటున్నాను. దసరా సెలవులు దగ్గరకొచ్చాయి కదా, కేకు సామాన్లు ఏమున్నాయో చూద్దామని కోకో పొడి డబ్బా మూత తీస్తే అందులో కుంకుడుకాయ పొడి ఉంది. డబ్బాలు మార్చడం ఆమెకు పుట్టుకతో వచ్చిన రోగం. అసలు పొడి ఎక్కడ పోసిందో ఇంటికొచ్చాక అడుగుదాం అనుకుంటుండగానే ఫోన్ మోగింది. "అమ్మ లేదే ఇంక" అన్నాడు మా ఆయన. ఏడుపు కంటే ముందు నాకు కోపమే వచ్చింది, ఉన్నమాట చెప్తున్నాను.

పోయినవాళ్ళంతా మంచివాళ్ళే అంటారు. మా అత్తమ్మ నిజంగానే మంచిది. కానీ ఆ మంచితనం పక్కవాళ్ళ ఓపిక ఎంత తింటుందో ఆమెతో ఒక పూట వంటింట్లో నిలబడినవాళ్ళకే తెలుస్తుంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా బిడ్డ చిన్నది. దసరా సెలవుల్లో అది మొండికేస్తే బేకరీ నుంచి ఇంత చాక్లెట్ కేకు తెచ్చాం. అది తింటుంటే వాడకట్టు పిల్లలంతా మా గేటు పట్టుకుని గుటకలు మింగుతూ నిలబడ్డారు. అత్తమ్మ ఆ కేకు డబ్బా మూత టక్కున మూసేసింది. "ఒక్కదానికి పెట్టి ఇంతమందిని చూడమంటవా? గది తిండా, దిష్టా? నీ ఫోన్ల చూడు, మనమే చేద్దాం" అంది.

చేద్దాం అనడం ఆమెకు తేలికే. పాత కుక్కరుకు రబ్బరు, విజిల్ తీసేసి, అడుగున ఇసుక పోసి, దాని మీద కేకు గిన్నె పెట్టాలి. పండుగ రోజుల్లో ఇంట్లోకి గుడ్డు రానియ్యదు కాబట్టి పెరుగు కలపాలి. కలిపింది రుచి చూద్దామని నేను వేలు పెడితే చెయ్యి మీద కొట్టేది. "పిల్లల నోట్లె పడకముందు మన నోరు తగులొద్దు, ఎంగిలైతది" అనేది. అందువల్ల మా కేకు తీపి ఎప్పుడూ దైవాధీనమే. పిల్లలంతా తిని పోయాక, గిన్నెకు అంటుకున్నది గోకి నోట్లో వేసుకుని, "తీపి జర తక్కువైంది బిడ్డా" అని అప్పుడు చెప్పేది. ఇంక చెప్పి ఏం లాభం?

ఆ మొదటి ఏడు నేను మూడు గిన్నెల్లో మూడు కేకులు చేసి, పెద్దదాని మీద చిన్నది పేర్చాను. పాల ప్యాకెట్టు మూల కత్తిరించి, గోరింటాకు కోనులాగా పట్టుకుని, వెన్న, చక్కెర, రంగులు కలిపి చుట్టూ పూలు వేశాను. నడుం పడిపోయింది. అత్తమ్మ వచ్చి గదుమ మీద వేలు పెట్టుకుని చూసింది.

"అచ్చం బతుకమ్మ లెక్కనే ఉన్నది బిడ్డా!"

మెచ్చుకుందని నేను మురిసేలోపు, పసుపు ముద్ద తడిపి, గౌరమ్మను చేసి, తమలపాకు మీద పెట్టి కేకు పైన కూర్చోబెట్టింది. గేటు దగ్గరున్న ఆడపిల్లలు అది చూసి ఊరుకుంటారా? చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టి ఆడేశారు. ఆట అయ్యాక నేను కత్తి తెచ్చాను.

"ఏందది?" అంది అత్తమ్మ.

"కత్తి. కొయ్యాలె గద."

"గౌరమ్మను ఎక్కించినంక, సుట్టూ ఆడినంక, బతుకమ్మకు కత్తి పెడతరా ఎవరన్న?"

"అది కేకు అత్తమ్మా!"

"గా మాట గౌరమ్మను అడుగు."

"అయితే కాలువల ఇడుద్దామా మరి?" అన్నాను ఒళ్ళు మండి. వెటకారానికి అన్న మాటను ఆమె నిజంగానే ఆలోచించింది. అది చూసి మా ఇంట్లో కిరాయికున్నవాళ్ళ పిల్లాడు ఏడుపు రాగం తీశాడు. అప్పుడు అత్తమ్మ గౌరమ్మను తీసి, కళ్ళకద్దుకుని, తులసి కుండీలో పెట్టి వచ్చింది. "సద్దుల నాడు మలీద ఎట్ల పంచుతం?" అంటూ రెండు చేతులూ కేకులోకి దించింది. రొట్టెలూ బెల్లమూ పిసికినట్టు పిసికింది. నా పూలు, నా రంగులు, నా మూడు అంతస్తులు, అన్నీ ఒకటే ముద్ద. ఉండలు కట్టి ఒక్కొక్కరి చేతిలో పెడుతుంటే పిల్లలకు పండుగ. నేను లోపలికి పోయి తలుపు ధడాలున వేసుకున్నాను.

తరువాత ప్రతి ఏడూ ఇదే భాగోతం. పాత పిల్లలు పెద్దవాళ్ళయితే కొత్త పిల్లలు వచ్చారు, ఆమె మాత్రం మారలేదు. ఈసారి గౌరమ్మను పెట్టకు అత్తమ్మా అంటే బుద్ధిగా తలూపేది. పసుపు దాచిపెడితే పక్కింట్లో అడిగి తెచ్చేది. చదరంగా చేస్తే ఇంకేం పెడుతుందిలే అనుకున్న ఏడు కూడా సరిగ్గా నడిమధ్యలో పెట్టింది. నాకున్న కోరిక ఒక్కటే. నేను వేసిన పువ్వు చెదరకుండా, ఒక్కసారి, కేకును కేకులాగా కోసి పళ్ళేల్లో పెట్టాలి. నా దోస్తులు ఫోన్లో పెట్టే ఫోటోలు చూసినప్పుడల్లా కడుపు రగిలేది. ఒకసారి అడిగేశాను కూడా, నా కష్టమంటే నీకు లెక్కలేదా అని.

"నీ కష్టం ఒక్కలకే పోవద్దనే పిల్లా" అంది. "కోస్తే నడిమి పువ్వు ఒక్కలకే పడతది. తక్కినోళ్ళు గదే చూసుకుంట తింటరు. కలిపితే అందరికీ అన్ని పడతయి."

"అందరికీ బురదముద్దే పడతది" అన్నాను. ఆమె పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఇంకా మండింది.

చావు జరిగిన ఇల్లు కాబట్టి ఈ ఏడు మాకు బతుకమ్మ లేదు. దినాలు అయిపోయాక ఒక మధ్యాహ్నం పిల్లలు వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. "మేము ఉట్టిగనే వచ్చినం ఆంటీ" అంది చికెన్ షాపు చిచ్చా మనవరాలు. ఆ ఉట్టిగనే అన్న మాటకు నేను లోపలికి పోయి కుక్కరులో ఇసుక పోశాను.

ఒక్కటే కేకు, గుండ్రంగా. పేర్పు లేదు, గౌరమ్మ లేదు, మధ్యలో ఒకే ఒక్క పువ్వు. ఇంత మంచి పువ్వు నేను ఎన్నడూ వెయ్యలేదు. ఫోటో తీసుకున్నాను. కత్తి పెట్టాను. అడ్డం చెప్పేవాళ్ళు లేరు. ముక్కలు ఎంత నున్నగా వచ్చాయో! పళ్ళేల్లో పెట్టి పిల్లలను లోపలికి పిలిచాను.

పువ్వున్న ముక్క మీద ఒకేసారి మూడు చేతులు పడ్డాయి. "నాకు!" "నేను ముందుగాల వచ్చిన!" పువ్వును సగం చేసి ఇద్దరికి పెడితే మూడోది శోకం మొదలుపెట్టింది. ఒకడు ఇంకొకడిని తోశాడు, పళ్ళెం బోర్లా పడింది. తక్కినవాళ్ళు తమ ముక్కలు ముట్టకుండా ఆ పువ్వు వైపే చూస్తున్నారు. నా ఓపిక అయిపోయింది. చేతుల నిండా క్రీముతో, అత్తమ్మ ఉండే వెనక గది వైపు తిరిగి గట్టిగా అరిచాను.

"అత్తమ్మా! ఓ అత్తమ్మా! జర ఇటు రా, నీ పిల్లల లొల్లి నువ్వే చూసుకో!"

లొల్లి ఆగిపోయింది. ఏడుస్తున్న చిన్నది కూడా నోరు మూసి ఆ గది తలుపు దిక్కు చూసింది. అందరం అటే చూస్తూ నిలబడ్డాం.