చెరుకు ఆకుకు పెట్టిన నిప్పు

మాది తిరుత్తణి దగ్గర పళ్ళిపట్టు. రెండేళ్ళ క్రితం మండువేసవిలో, చెరుకు కొట్టేశాక మిగిలిన ఎండాకు కాల్చడానికి చేనికి వెళ్ళాను. పక్క చేని గోవిందు బావ పరుగెత్తుకొచ్చాడు. గట్టు తగాదాతో మా ఇద్దరికీ అప్పటికి ఏడాదిగా మాటల్లేవు.

“ఈ పొద్దు ఎండ, గాలి రెండూ జాస్తి, యాడా నిప్పు పెట్టొద్దని సర్కారోళ్ళు ఫోన్లో మెసేజి పెట్టినారు. వద్దు బావా!” అన్నాడు.

“నా చేను, నా ఇష్టం. చెప్పేదానికి నువ్వెవుడు?” అంటూ అగ్గిపుల్ల గీశాను.

కాసేపటికే గాలి తిరిగింది. మంట గట్టు దాటి ఆయన పశువుల కొట్టాన్ని అందుకుంది. తాళ్ళు కోసి ఆవులను బయటికి తోలేసరికి బావ చేతులు రెండూ కాలిపోయాయి. నేను నీళ్ళు తెస్తే బిందెను కాలితో తన్నాడు.

ఆస్పత్రికి వెళ్ళి క్షమించమన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన వేళ్ళు ఇప్పటికీ సరిగా ముడుచుకోవు. ఆ రోజు ఆయన చెప్పింది అబద్ధమని నేను అనుకోలేదు. చెప్పింది ఆయన కాబట్టే వినలేదు.