మడుగు వంతు

మొన్న వంగతోటకు మందు కొందామని శంషాబాద్‌లో ఎరువుల దుకాణానికి పోయాను. నా ముందు నిలబడ్డ మనిషి సీసా మూత గట్టిగా ఉందో లేదో అని తిప్పి చూశాడు. ఒక్కసారి ఆ వాసన గుప్పుమంది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. దుకాణం పిల్లవాడు "ఏమైందక్కా, కండ్లు తిరుగుతున్నయా?" అని స్టూలు జరిపాడు. కండ్లు తిరగలేదు. మా అత్త గుర్తొచ్చింది. పురుగుమందు వాసనకు అత్త గుర్తొచ్చిందంటే చదివేవాళ్ళు నవ్వుకుంటారని నాకు తెలుసు. మీరు అనుకునే ముచ్చట కాదు. నేను ఐదో తరగతి దాకానే చదివాను. చీటీలు తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆ వాసన దగ్గరే మొదలుపెడుతున్నాను.

మా ఊరు సాతంరాయి అవతల, విమానాలు దిగే దారి కింద ఉంటుంది. ఎయిర్‌పోర్టు మొదలైన కొత్తలో విమానం తలమీదుగా పోతే మా అత్త చల్లకుండ మీద కొంగు కప్పేది. "పైకెల్లి ఏమన్న వడ్తె?" అనేది. ఏం పడుతుందని అడిగితే, "అండ్ల మనుషులుండరా, మనుషులన్నంక ఏదో ఒకటి పారేస్తరు" అనేది. అప్పటికి మా భూమి సగానికి పైగా రోడ్డుకు పోయింది. వాగు ఒడ్డున ఎకరం పది గుంటలు మిగిలింది. అందులో పాలకూర, మెంతికూర, కొత్తిమీర, ఒక పక్కన వంగ వేసేవాళ్ళం. మా ఆయన ఎయిర్‌పోర్టులో సామాన్ల బండ్లు తోసే పనికి కుదిరాడు. పొలం అత్తాకోడళ్ళకు మిగిలింది. అప్పటికి పన్నెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం కానీ మా మాటలు "ఉప్పు ఎక్కువైంది", "బర్రెకు నీళ్ళు పెట్టినవా" దాటేవి కావు. ఆమెకు నాతో కన్నా వాగుతో మాటలు ఎక్కువ.

ఆ వాగు పోయి హిమాయత్ సాగర్‌లో కలుస్తుంది. మా పొలం దగ్గర అది వంపు తిరిగే చోట ఒక మడుగు ఉంది. ఎండాకాలంలో వాగు తెగినా మడుగు ఎండేది కాదు. అందులో పరకలు, జెల్లలు లాంటి చేపలు, పొద్దున మునిగితే మధ్యాహ్నానికి గానీ తేలవా అనిపించే బుడుబుంగ పిట్టలు. ఒడ్డున తుమ్మ కొమ్మ మీద ఒక లకుముకి పిట్ట. చేపను ముక్కున పట్టుకుని అది పోతుంటే మా అత్త "ఓ దొంగముండా, ఒక్కటన్న ఇడిశిపెట్టు" అని తిట్టేది. రాయిమీద ఎండకు కూర్చునే ముసలి తాబేలు ఒకటి ఉండేది. దాన్ని ఆమె "పెద్దమనిషి" అని పిలిచేది. మా ఇంటికి చుట్టాలొచ్చినా అంత మర్యాద లేదు.

ఎయిర్‌పోర్టుతో పాటు రోడ్డు పొడవునా హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళు లేచాయి. వాళ్ళ ప్లాస్టిక్ గ్లాసులు, తిని పారేసిన పళ్ళాలు మా వాగులోకి కొట్టుకొచ్చేవి. అందరూ చూసి తిట్టుకుని పోయేవాళ్ళు. మా అత్త ఒకరోజు చూరులోంచి ఒక కట్టె తీసింది. బోర్లు రాకముందు ఒకే బావి నీళ్ళు నాలుగిళ్ళు పంచుకునేటప్పటి వంతు కట్టె అది. ఎవరి గుమ్మానికి ఆ కట్టె ఆనించి ఉంటే ఆ రోజు నీళ్ళు వాళ్ళవి. "బాయికి వంతుండె, వాగుకెందుకుండదు?" అని ఆమె వాడ మొత్తం తిరిగి ఒప్పించింది. కట్టె ఎవరింట్లో ఉంటే వాళ్ళు పొద్దున్నే మడుగు దగ్గరికి పోవాలి. చెత్త ఏరాలి. ట్రాక్టర్లు కడగడానికి దిగేవాళ్ళను ఆపాలి. సాయంత్రం కట్టెను పక్కింట్లో అప్పగించేటప్పుడు ఆ రోజు మడుగులో ఏం చూశారో చెప్పాలి. ఈ చివరి షరతు ఎందుకో మాకు అర్థం కాలేదు. చెప్పడానికి ఏమీ లేనివాళ్ళు కల్పించి చెప్పేవాళ్ళు. మా పక్కింటి మరిది అయితే ఒకసారి మొసలిని చూశానన్నాడు. "మొసలి నిన్ను జూసి భయపడ్డదా?" అని మా అత్త అడిగింది. అయినా ఆ అబద్ధాలతో పాటు వాగు ముచ్చట ఇల్లిల్లూ తిరిగేది.

ఇక నేను చేసిన పని చెప్తాను. వంగకు కాయపురుగు పట్టింది. కిరాయికి మందు పంపు తెచ్చి నేనే కొట్టాను. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కడిగి ఇచ్చేయాలి. ఆ రోజుల్లో పొలాలకు కరెంటు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. బోరు నడవడం లేదు. ఇంటి దాకా పోయి బిందెతో నీళ్ళు మోసుకురావడానికి ఓపిక లేదు. మడుగు నాలుగు అడుగుల దూరంలో ఉంది. అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. పంపులో మిగిలిన మందు మడుగులోనే పోశాను, రెండుసార్లు కడిగాను. నీళ్ళమీద చల్లలాగా తెల్లగా పరుచుకుంది. పారే నీళ్ళు కదా, పోతుందిలే అనుకున్నాను. అది పారే కాలం కాదని నాకు తెలుసు.

మర్నాడు కట్టె పక్కింటి మరిదిది. తెల్లవారకముందే ఉరికొచ్చాడు. "వొదినా, పెద్దమ్మను లేపు! మడుగు తెల్లగైంది!" అన్నాడు. పోయి చూస్తే చేపలన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. దూరం నుంచి పూలు చల్లినట్టే ఉంది. రెండు బుడుబుంగలు కూడా తేలాయి. పెద్దమనిషి ఒడ్డున మెడ బయట పెట్టి పడి ఉంది. ముట్టుకున్నా మెడ లోపలికి తీసుకోలేదు. మా అత్త దాన్ని కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చి బట్టలు నానబెట్టే టబ్బులో మంచినీళ్ళు పోసి పెట్టింది. తర్వాత మళ్ళీ పోయి, కుక్కలూ పిల్లలూ ఆ చేపలు ముట్టకుండా కాపలా ఉండి, అన్నీ గుంత తీయించి పూడ్పించింది.

ఊరంతా ఒకటే మాట. "కంపెనోళ్ళదే గీ పని." వాగు పైన రోడ్డు పక్కన ఒక చిన్న కంపెనీ కొత్తగా వచ్చింది. దాని మీద మాకు ముందునుంచీ అనుమానమే. రెండు ట్రాక్టర్లు పంచాయతీ ముందు ఆగాయి. మగవాళ్ళు కర్రలతో ఎక్కారు. కంపెనీ గేటు దగ్గర ఒక ముసలి వాచ్‌మన్ ఉండేవాడు. రోజూ మా దగ్గరే పాలకూర కట్ట కొనుక్కుని, "అమ్మా, మొన్నటిది జర ముదిరింది" అని గొణిగేవాడు. వీళ్ళు పోతే ముందు దెబ్బలు తగిలేది ఆయనకే. ఇంట్లోకి పోయాను. మా అత్త చెంబుతో తాబేలు వీపుమీద నీళ్ళు పోస్తోంది.

"అత్తమ్మా, కంపెనోళ్ళు కాదు."

"మరెవ్వలు?"

"నేనే. నిన్న పంపు మడుగుల కడిగిన. కరెంటు లేకుండె."

ఆమె నా వైపు చూడలేదు. "మిగిలిన మందు?"

"గది గూడ అండ్లనే పోసిన."

చెంబు నింపింది, మళ్ళీ పోసింది. నేను తిట్లకోసం నిలబడ్డాను. ఇంకో చెంబు ముంచుతూ, "నాకెందుకు చెప్తున్నవ్ పిల్లా? నేను పోతున్ననా ట్రాక్టరెక్కి?" అంది.

ఆ పంచాయతీ ఆఫీసు మా ఇంటికి వంద అడుగులు ఉంటుందేమో. ఆ రోజు నడిచినంత దూరం నేనెప్పుడూ నడవలేదు. ట్రాక్టరు ముందు నిలబడి చెప్పేశాను. ఇంజన్లు మోగుతున్నాయి కాబట్టి రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మరిది ఊరుకోలేక, "వొదినా, శాపల పులుసు తినాలనిపిస్తే నన్నడగకపోయినవా?" అన్నాడు. కొందరు నవ్వారు. ఒకామె మాత్రం నవ్వలేదు. "అత్తేమో ఊరందరికి సుద్దులు చెప్తది, కోడలేమో మందు కలుపుతది!" అంది. వెనక మా అత్త వచ్చి నిలబడిందని అప్పటిదాకా నాకు తెలియదు. "నిజమే బిడ్డా. సుద్దులు ఇంట్ల చెప్పుడు మర్శిన" అంది. అది విన్నప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

అప్పుడు ట్రాక్టరు మీద అందరికన్నా గట్టిగా అరుస్తున్న మనిషి కిందికి దిగాడు. తలపాగా సవరించుకుని, "నేను గూడ పోయిన వానలకు అండ్లనే కడిగిన. గప్పుడు పారుతుండె, కొట్కపోయింది" అన్నాడు. ఇంకొకాయన గొంతు సవరించాడు. ఆ తర్వాత ఒక ఇంజను ఆగింది. "ఇగ కంపెనీకి పోవుడా, వద్దా?" అని సర్పంచ్ అడిగాడు. "నీళ్ళు పరీక్ష చేపియ్యి, తప్పుంటె పోదాం. గని మనం కడుగుడు బంద్ జేసినంక" అంది మా అత్త. రెండో ఇంజనూ ఆగింది.

మిట్టమీద, వాగుకూ బోర్లకూ దూరంగా, ఒక డ్రమ్ము పెట్టాం. వంతు ఎవరిదైతే వాళ్ళు దాన్ని నింపాలి. ఎవరు మందు కొట్టినా పంపు అక్కడే కడగాలి. కడిగిన నీళ్ళు మళ్ళీ వాళ్ళ తోట మీదే కొట్టాలి. మొదట్లో "ఇదొక పరేషాన్" అని సణిగారు. తర్వాత అలవాటైపోయింది. ఆ సాయంత్రం మా అత్త కట్టె తెచ్చి మా గుమ్మానికే ఆనించింది. "ఏడాది దాక గీడనే ఉంటది" అంది. అదే నా శిక్ష.

శిక్ష నాదే అయినా రోజూ పొద్దున ఆమె నాతో వచ్చేది. నేను గ్లాసులు ఏరుతుంటే రాయిమీద కూర్చునేది. సాయంత్రం కట్టె మారకపోయినా, రోజుకో ఇంటికి పోయి చూసింది చెప్పాలి. ఏం చూసినవ్ అంటే ఏం లేదు. మర్నాడూ ఏం లేదు. నెలల తరబడి నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పింది అదే. తాబేలు మాత్రం మూడో రోజు మెడ లోపలికి తీసుకుంది. ఆ పూట మా అత్త బెల్లం పాయసం చేసింది. రెండు నెలలు మా బట్టలు బకెట్లో నానాయి. తర్వాత దాన్ని పక్క చెరువులో వదిలాం. మొదటి వానలకు మడుగులో కప్పలు అరిచాయి. నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికి పది ఇళ్ళకు చెప్పొచ్చాను. ఇంకొన్ని నెలలకు నా ఏడాది అయిపోయింది. కట్టె పక్కింటికి పోయినా నేను పొద్దున పోవడం మానలేదు, ఆమె రావడం మానలేదు. ఆ నడకల్లోనే ఆమె పుట్టినిల్లు, చిన్నప్పుడు పోయిన చెల్లెలు, నా పెళ్ళిచూపుల్లో నేను నచ్చలేదని ఆమె అన్న మాట, అన్నీ నాకు తెలిశాయి. ఆ చివరిది చెప్పి తనే నవ్వింది. రెండో వానాకాలం వాగు నిండుగా పారింది. కింద సాగర్ నుంచి చేపలు ఎదురెక్కాయి. ఒక బుడుబుంగ వచ్చింది, తర్వాత దాని వెనక నాలుగు పిల్లలు. మా అత్త లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, నా చేయి పట్టుకుంది. మరుసటి ఏడు, తెలంగాణ వచ్చిన ఏడే, ఆమె పోయింది.

నేను పంపు కడగడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. మడుగు తేరుకోవడానికి రెండు వానాకాలాలు పట్టింది. ఒకే ఇంట్లో అన్నేళ్ళున్నా, మా అత్తతో నేను బతికిన కాలం ఏదంటే ఆ రెండు వానాకాలాలే.