రీమ్ సంచి విప్పిన రోజు

2023 చివర్లో, యుద్ధం మొదలైన రోజుల్లో, నేను ఇజ్రాయెల్‌లోని హైఫాలో కేర్‌గివర్‌ని. ముసలివాళ్ల ఇంట్లోనే ఉండి స్నానం, తిండి, మందులు చూసుకునే పని అది. మాది రేపల్లె, నర్సింగ్ చదివింది బాపట్లలో. నేను చూసుకునే మిరియం మామ్మ మంచం దిగలేదు. నడుము కింద బెడ్‌సోర్, అంటే కదలకుండా పడుకోవడంవల్ల పడే పుండు.

దానికి డ్రెస్సింగ్ చెయ్యడానికి క్లినిక్ నుంచి రీమ్ అనే నర్సు వచ్చేది. అరబ్బు మనిషి, ఆ దేశపు పౌరురాలే, తాతల నాటినుంచీ హైఫాలోనే. మొదటిరోజే నేను మన బస్సులో పక్క సీటావిడని అడిగినట్టు, మాది రేపల్లె, మీది ఏ ఊరని అడిగాను. ఆమె మొహం గట్టిపడింది. ఆ ప్రశ్న తనని ఎప్పుడూ అడిగేది పోలీసులూ ఎయిర్‌పోర్టువాళ్లూ అని తర్వాతెప్పుడో చెప్పింది. సిగ్గేసింది నాకు.

యుద్ధం రాగానే మామ్మ కొడుకు, అరబ్బులెవరూ ఇంట్లో అడుగుపెట్టడానికి వీల్లేదన్నాడు. ఆయన స్నేహితుడి కొడుకు, ఈ యుద్ధానికి కారణమైన దాడిలో పోయాడు. ఆయన భయం దొంగ భయం కాదు. క్లినిక్‌లో వేరే నర్సు ఖాళీ లేదు, సైరన్ల మధ్య ఆస్పత్రికి రానని మామ్మ మొండికేసింది. పుండు వాసనేసింది, జ్వరం తగిలింది. ఆ వయసులో విషం రక్తంలోకెక్కితే మనిషి దక్కదు.

మా ఊరివైపే జంపనిలో ఉండే అన్నయ్య ఫోన్‌లో, "మనకెందుకమ్మా వాళ్ల గొడవ? నీ వీసా సంగతి చూసుకో" అన్నాడు. నిజమే, మామ్మ కొడుకు తలుచుకుంటే నా ఉద్యోగం ఊడుతుంది. అయినా ఆయన్ని పిలిచి కట్టు విప్పి చూపించాను.

"పుండు నాది, రీమ్‌ని పిలువు" అంది మామ్మ.

ఆయన సరేనన్నాడు. నేను ఫోన్ చేస్తే రీమ్ వచ్చింది. ఆయన గుమ్మంలోనే సంచి విప్పమన్నాడు. కత్తెర, గాజుగుడ్డ, సెలైన్ ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టింది. చేతులు కడుక్కుని డిబ్రైడ్‌మెంట్ చేసింది, అంటే చచ్చిన కండ తీసెయ్యడం. మామ్మకి నొప్పి తెలియకుండా కబుర్లు చెబుతూనే ఉంది. నాకు మాత్రం కళ్లనీళ్లు ఆగలేదు.

ఆమె వెళ్తుంటే మెట్లమీద, ఇంత మాట పడి ఎందుకొచ్చావక్కా అని అడిగాను.

"నీకు విసుగొస్తే టికెట్ కొనుక్కుని రేపల్లె వెళ్లిపోతావు. నాకు రేపల్లె ఇదే" అంది.

రీమ్ వస్తూనే ఉంది, పుండు మెల్లగా మానింది. ఆయన సంచి చూడటం మానేశాడు గానీ క్షమించమని అడగలేదు.

ఇప్పుడు తెనాలిలో ఒక ఆస్పత్రిలో వార్డు ఇన్‌ఛార్జిని. పేరు విని, నర్సుని మార్చమని అడిగేవాళ్లు ఇక్కడా ఉన్నారు. నేను మార్చను.