మరక పడని పుస్తకం

మల్కాజ్‌గిరిలో మా పిల్లల లైబ్రరీకి కొత్త పుస్తకాలు ఎంచే పని నాది. కొనేముందు షాపు నుంచి తెప్పించి, వారం రోజులు పిల్లలకే ఇస్తాను. నిన్న ఒకామె తన కూతురు చదివిన పుస్తకం తెచ్చి, "మేడమ్, జెర ఆవకాయ నూనె అంటింది, ఏమనుకోకండి" అంది. ఆ వాసనకి కార్ఖానా ఏరియాలో చిన్నప్పటి మా చర్చి లైబ్రరీ గుర్తొచ్చింది.

అక్కడ రూతు టీచరూ కొనేముందు పుస్తకాలు మాకు ఇలాగే ఇచ్చేది. ఒకసారి నాకు ఏనుగుపిల్ల కథ వచ్చింది. ఆరుసార్లు చదివాను. ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కున్నాను. బ్రౌన్ అట్ట వేశాను. కుట్టు వదులవుతుందని సగమే తెరిచి, లోపలికి తొంగిచూస్తూ చదివాను. అంత శుభ్రంగా ఉంటే లైబ్రరీకి తప్పకుండా కొంటారని నా నమ్మకం.

ఆదివారం టీచర్ అట్ట తీసి, పేజీలు తిప్పింది. "దీన్ని ఎవరూ ముట్టుకున్నట్టే లేదు. పిల్లలు చదివినవే ఉంచుకుందాం" అంటూ షాపుకి పంపే వాపసు డబ్బాలో పడేసింది. అన్నం మెతుకు అంటుకున్న ఇంకో పుస్తకాన్ని నవ్వుతూ బీరువాలో పెట్టింది! చెంప ఛెళ్లుమన్నట్టయింది నాకు. "నేను చదివిన, టీచర్" అని చెప్పకుండానే ఇంటికొచ్చేశాను.

నిన్న నూనె మరక పుస్తకాన్ని కొనేవాటిలో పెట్టాను. తర్వాత వాపసు డబ్బాలోంచి అన్నిటికంటే శుభ్రంగా ఉన్నది తీసి, దాన్ని తెచ్చిన పిల్లని పిలిచాను. "కథేంటో చెప్పు" అన్నాను.

పుస్తకం తెరవకుండానే కథంతా చెప్పేసింది.