దోసిళ్లు

మా ముత్తాత జమీందారు కొలువులో దివాను. మా తాతగారికి ఆగిరిపల్లి దగ్గర నాలుగు మామిడి తోటలుండేవి. ఆయన ఎదురొస్తే నూజివీడు వర్తకులు అరుగు దిగి నిలబడేవారు.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో, హనుమాన్ జంక్షన్ వెళ్లే బస్సులో నేనొక నవల చదువుతున్నాను. బావి దగ్గరికి రానివ్వని మనుషుల కథ అది. నా కళ్లు చెమర్చాయి. అందుకు కొంత గర్వంగానూ ఉంది.

పక్కన కూర్చున్న ముసలి కూలీ అడిగాడు. "ఏం కథండీ అది?"

ఒక పేజీ చదివి వినిపించాను. దాహంతో వచ్చినవాడు దోసిలి పడతాడు. ఇంటాయన పైనుంచి చెంబుతో నీళ్లు పోస్తాడు. వాడు తాగుతూ, కృతజ్ఞతగా ఆయన ముఖంలోకి చూస్తాడు.

ముసలాయన నవ్వాడు. "ఇది రాసినాయన ఎప్పుడూ అట్టా తాగలేదండీ. తలెత్తితే నీళ్లు ముక్కులోకి పోతాయి. ఆగిరిపల్లి తోటల్లో ముప్పై ఏళ్లు తాగాను. పోసినోళ్ల కాళ్లే తెలుసు నాకు."

చిన్నప్పుడు కాయకోతల్లో మా కూలీలకు నేనూ అలాగే పోశాను. ఒక్క ముఖమైనా గుర్తుచేసుకోవాలని చూశాను. దోసిళ్లే కనిపించాయి.

ఎవరి తోటలని ఆయన్ను అడగలేదు. నా కాళ్లు సీటు కిందికి లాక్కున్నాను. ఇప్పటికీ ఏ పుస్తకం తెరిచినా ముందు ఆ చేతులే కనిపిస్తాయి.

ఆ ఏడాదే తోటలు అమ్మేశాం. నీళ్లు పోసిన ఇత్తడి చెంబు పాత సామానుతో పాటు తూకానికి పోయింది.