నంబర్లు గీకేసిన ఆంప్లిఫయర్

ఈ రోజు నా ఫారిన్ ఆంప్లిఫయర్‌ను ఒళ్లో పెట్టుకుని పామర్రులో బందరు బస్సెక్కాను. పదేళ్ల క్రితం గుడివాడ మెకానిక్ యోహాను గారు దాని లోపలి పార్టులు మార్చారు. అప్పటినుంచి పాట పెడితే పాడేవాళ్లు ఎదురుగా కూర్చున్నట్టుండేది. ఆయన పోయారు. నెల కిందట సెట్టూ మూగబోయింది. మార్పులు చేసిన సెట్టు మేం ముట్టుకోం అన్నారు కంపెనీవాళ్లు.

యోహాను గారు మార్చిన సెట్టని చెబితే, బందరు మెకానిక్ మూత విప్పి, భూతద్దంలో చూసి తలెత్తాడు.

"ఐసీ చిప్పుల మీద నంబర్లన్నీ గీకేసున్నాయండీ. ఏ పార్టో తెలీకుండా ఏం వెయ్యమంటారు? అయినా యోహాను గారు ఇలా చేసే మనిషి కాదే! ఏం మార్చిందీ కాగితం మీద రాసి మూత లోపల అంటించేవారు."

"ఏమోనండీ" అన్నాను.

నంబర్లు గీకించింది నేనే. ఆ కాగితం పీకేసిందీ నేనే. అలాంటి సెట్టే ఉన్న మా బావ, నాది చూపించి వేరేచోట తనదానికీ అవే మార్పులు చేయించుకుంటానన్నాడని. "వద్దండీ, రేపు మీకే ఇబ్బంది" అని యోహాను గారు ఎంత చెప్పినా వినలేదు.

సెట్టును మళ్లీ ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చాను. ఇంత తెలివైన పని మీలో ఇంకెవరైనా చేశారా? చేసుంటే చెప్పండి, కాస్త తోడుగా ఉంటుంది. ఆ రోజు బావను చేయించుకోనిచ్చి ఉంటే, ఈ రోజు వాళ్లింటికెళ్లి మూత విప్పి చూస్తే సరిపోయేది.