చర్చి గోడమీద ఎర్ర బొట్టు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, గోడల మధ్య బతికినవాడి ముచ్చట చెబుతాను. కరోనా తగ్గిన ఏడాది చలికాలంలో మా కంపెనీ నన్ను మస్కట్‌లో ఒక పాత కోట మరమ్మతుకు ఫోర్మన్‌గా వేసింది. మా రూమ్ ఊరి శివారు అల్ అమెరాత్‌లో, డ్యూటీ సముద్రం పక్కన. ఆ కోట పోర్చుగీసువాళ్లది. వాళ్ల దేశంలో కోట కడితే లోపల చర్చి కూడా ఉండేదట, అందుకే ఇక్కడా ఒక చిన్న చర్చి గది కట్టుకున్నారు.

గోడ మీది పాత సున్నపు గచ్చు పొడిగా రాలుతుంటే సిమెంటు పూయకూడదు. సున్నపు తేట చిలకరించి గట్టిపరచాలి. ఆ పని జగిత్యాల మేస్త్రీ గంగారాజానిది. గోడకు పసుపు పెట్టనిదే అతను పని మొదలుపెట్టడు. ఈ చర్చి గదిలోనూ ఒక మూలన వేలితో బొట్టు పెట్టి, తర్వాత తేట చల్లాడు.

మర్నాడు సర్కారు తరఫున తనిఖీకి వచ్చిన ఒమానీ మేడం ఆ మూల దగ్గర ఆగిపోయారు. గచ్చు మీద ఎర్రటి మచ్చ. చర్చి కాలపు రంగు కావచ్చని ఫొటోలు తీసి, పని ఆపించారు. మావాళ్లెవరైనా పూసి ఉంటే వీసా రద్దు చేసి, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతానని మేనేజరు నాతో అన్నాడు.

గంగారాజాన్ని పక్కకు పిలిచి అడిగాను.

"నేను పెట్టింది పసుపు అన్నా. గా మచ్చ ఎర్రగున్నది. నాది కాదు."

"మరి నీ పసుపేది?"

"అదే సమజైతలేదు. గోడ తిన్నదా ఏంది?"

వెళ్లి చూశాను. పసుపు ఎక్కడా లేదు. నాకూ బుర్ర పనిచేయలేదు.

సాయంత్రం రూమ్‌లో అతను భార్యకు ఫోన్‌లో చెప్పుకున్నాడు. ఆమె నవ్వు మా అందరికీ వినబడింది.

"పసుపుల సున్నం కలిస్తే ఎర్రగ గాదా? పోరనికి దిష్టి దీసే నీళ్లు ఎట్లైతయి మరి? మీరందరు మేస్త్రీలేనా?"

గంగారాజం నవ్వలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. ఊరుకొమ్మన్నాడు రూమ్‌లో ఒకడు.

"మంచిగ జరగాలని పెట్టిన బొట్టు. దాని మీద అబద్ధం ఎట్లాడాలె?" అన్నాడు గంగారాజం.

పొద్దున మేడం ముందు పెంకు మీద పసుపు రాసి, సున్నపు తేట చల్లి చూపించాడు. ఎర్రబడింది. ఆమె పెంకునూ గోడనూ చాలాసేపు మార్చి మార్చి చూసి, మచ్చను తడి దూదితో అతనిచేతే తుడిపించారు. అడుగున సన్నటి ఎర్ర గీత మిగిలింది. అది చర్చి వాళ్లదో ఇతనిదో ఇక ఎవరూ తేల్చలేరన్నారు. అతన్ని ఇంటికి పంపలేదు గానీ, ఆ గదిలోకి మళ్లీ రానివ్వలేదు. పని ముగిసేదాకా బయటి గోడ మీదే ఉన్నాడు.

ఆ తర్వాత నా సైట్లలో పసుపు పెట్టేది తాపీకే, గోడకు కాదు. పాత గోడ మీద మనం పెట్టేది ఏదైనా, వెనకటివాళ్లు చెప్పిన మాటకు అడ్డం పడుతుంది.

ఇక లేవండి. మీ ఇంటి గోడలు గట్టిగా ఉండాలి, మీ గడప మీది పసుపు పసుపుగానే నిలవాలి.